లేని వెలుగును చదివినవాడు

"సంతకం పెట్టేయండి ఫర్హత్ గారూ. పెట్టేస్తే అందరం భోజనాలకు లేవొచ్చు."

డెల్టా సహకార బ్యాంకు అధ్యక్షురాలు వెంకటరత్నమ్మ కాగితాన్ని బల్ల మీద ముందుకు తోసింది. ఫర్హత్ దాన్ని అంతే నిదానంగా వెనక్కి తోసింది.

"పెట్టను మేడం."

"ఎందుకు పెట్టరు?"

"అందులో ఉన్నది అబద్ధం కనక."

కింద బెంజ్ సర్కిల్లో ఏదో లారీ ఆటో మీదికి ఎక్కబోయి ఆగినట్టుంది. హారన్లూ తిట్లూ కలగాపులగంగా పైకి వచ్చాయి. 

కాగితంలో ఉన్నవి రెండే వాక్యాలు. ‘మేము వాడిన లేజరులో లోపమున్నది. ఆ లోపము వలననే రహస్యము బయటపడినది.’ కింద డాక్టర్ ఫర్హత్, ఫిజిక్సు అధ్యాపకురాలు అని టైపు చేసి సంతకానికి చోటు వదిలారు. ఆ చోటు నిండిందా, ఈ బ్యాంకు నుంచి ఉయ్యూరు శాఖ దాకా నేల కింద పరుగెత్తే ఆమె కాంతి లైను సాయంత్రానికల్లా ఆగిపోతుంది. ఇంకో లైను ఆమెకు ఎవరూ ఇవ్వరు. ఖరీదైన విదేశీ యంత్రాలు అక్కర్లేదు, చవక లేజరుతోనే ఎవరూ దొంగిలించలేని రహస్యాలు పంపొచ్చు అని చెప్పి, నవ్వినవాళ్ళ ముందు నిలబడి, కాలేజీలో పాత సామాన్లు పడేసే గదిని బతిమాలి తెచ్చుకుని ఆమె కట్టుకున్నదంతా ఆ రెండు వాక్యాల కింద సమాధి అయిపోతుంది.

రెండు వేల ఏడు నవంబరు అది. బ్యాంకు పెట్టిన పరీక్ష సులువైనదే. వెంకటరత్నమ్మ రోజూ తనకు తోచిన వాక్యం ఒకటి రాసిస్తుంది. ఆ వాక్యానికి తాళం వేస్తారు. తాళంచెవి వెలుగు మీద ఎక్కి ఉయ్యూరు వెళుతుంది. వాక్యం ఉయ్యూరులో తప్ప ఇంకెక్కడా తెరుచుకోకూడదు. వారం పాటు ఎవరూ తెరవలేకపోతే లైను నెగ్గినట్టు. ఇవాళ ఆఖరి రోజు.

ఇవాళ పొద్దున వెంకటరత్నమ్మ నమ్మకంగా రాసిన వాక్యం ఇది: ‘మా అత్తగారి గోంగూర పులుసు నోట పెట్టలేం.’

గంట తిరక్కుండా ఆ వాక్యం ఫ్యాక్సులో వెనక్కి వచ్చింది. పక్కనే తాళంచెవి అంకెలన్నీ వరసగా ఉన్నాయి. కింద ఒక ముక్క: ‘మీ లేజరు అప్పుడప్పుడు రెండేసి కాంతి కణాలు వదులుతోంది. ఒకటి మేము తీసుకున్నాము.’ ఫ్యాక్సు తీసిన గుమాస్తా దాన్ని పైకి చదివాడు. అత్తగారు ఇంకా బతికే ఉంది. ఆవిడకు ఈ బ్యాంకులో ఖాతా కూడా ఉంది.

అందుకే వెంకటరత్నమ్మ మొహం కందగడ్డలా ఉంది.

"అమ్మాయ్, మొండితనం వద్దు." బల్ల అటువైపు నుంచి ఒక మెత్తటి గొంతు అంది. "నేను ముందే చెప్పా."

ఆయన బ్యాంకుకు సాంకేతిక సలహాదారు. ఫర్హత్‌కు ఎమ్మెస్సీలో పాఠం చెప్పిన గురువు. పేరు పానకాలరావు. ఊళ్ళో ఆయన పెద్ద హేతువాది. మంగళగిరి స్వామి పేరు పెట్టుకుని దేవుడు లేడంటాడని వెనక జోకులేసేవాళ్ళు. అందరికీ ఆయన ప్రొఫెసర్ గారు, ఫర్హత్‌కు సార్. గురువు పేరు నోటితో పలకకూడదని నాన్న నేర్పాడు. ఇన్నేళ్ళలో ఆ పేరు ఆమె నోట ఒక్కసారీ రాలేదు.

"సార్, మీరు చెప్పింది తప్పని అప్పుడే చెప్పాను."

"ఫ్యాక్సు కూడా తప్పేనా?"

ప్రొఫెసర్ పక్కన కూర్చున్న కుర్ర పెద్దమనిషి చిన్నగా నవ్వాడు. పేరు ఫిన్నీ. విదేశీ యంత్రాలమ్మే హైదరాబాదు కంపెనీ మనిషి. ఈ లైను పోతే వచ్చేది అతని యంత్రమే. ఆ సంగతి అతను దాచుకోవడం లేదు, టై మీద కంపెనీ గుర్తుతో సహా వచ్చాడు.

తలుపు దగ్గర లైన్‌మన్ శౌరయ్య నిలబడి ఉన్నాడు. కూర్చోమని ఎవరూ అనలేదు.

"ఆగండి. నాకు తెలిసేలా చెప్పండి," అంది వెంకటరత్నమ్మ. "ఈ రెండు కణాల గోలేంటి? నా పరువు ఏ సందులోంచి పోయిందో నాకు తెలియాలిగా."

ఫర్హత్ లేచి నిలబడింది.

"లేజరును మసకేసి, ఇంకా మసకేసి, ఒక్కో మెరుపులో ఒక్క కాంతి కణం మిగిలేదాకా తగ్గిస్తాం మేడం. కానీ అది మన మాట వినదు. చాలాసార్లు ఏమీ ఉండదు. కొన్నిసార్లు ఒకటి ఉంటుంది. ఎప్పుడో ఒకసారి రెండుంటాయి. ఒకటే ఉన్నప్పుడు దారిలో దొంగ ముట్టుకుంటే అది చెడిపోతుంది, మనకు తెలిసిపోతుంది. రెండుంటే ఒకటి తను ఉంచుకుని రెండోది మనకు పంపేస్తాడు."

"మరి అదేగా జరిగింది!"

"జరగలేదు. నేను దీమాలు పెట్టాను."

"దీమాలా?"

"మా నాన్న లాల్ అహ్మద్‌కు కౌజు పిట్టల పిచ్చి ఉండేది. పంజరంలో పెంచిన కౌజును తీసుకెళ్ళి గన్నవరం మెట్టల్లో పొద మాటున పెట్టేవాడు. అది కూస్తే అడవి కౌజులు దగ్గరికొచ్చేవి. ఏది అడవిదో, ఏది దీమమో వాటికి తెలీదు. తెలిస్తే రావుగా." ఫర్హత్ బల్ల మీద వేలితో మూడుసార్లు కొట్టింది. "నా మెరుపుల్లో మూడు రకాలున్నాయి. కొన్ని మామూలువి. కొన్ని ఇంకా మసకవి. కొన్ని ఉత్త ఖాళీవి, వాటిలో వెలుగే ఉండదు. ఏది ఏదో దారిలో ఉన్నవాడికి తెలిసే దారే లేదు. ఒక్క కణమున్న మెరుపుల్ని ఆపేసి, రెండేసి ఉన్నవాటినే వాడు ముందుకు పోనిచ్చాడనుకోండి, మసకవాటిలో రెండుండటం బాగా తక్కువ కదా, అవి ఉయ్యూరు చేరడం ఒక్కసారిగా పడిపోవాలి. పడిపోలేదు. ఇవాళ కూడా ఎన్ని చేరాలో అన్నే చేరాయి. దారిలో దొంగ లేడు మేడం."

"లెక్కలు కాగితం మీద ఎప్పుడూ బాగానే ఉంటాయి," అన్నాడు ప్రొఫెసర్. "ఇదిగో వాస్తవం." ఫ్యాక్సును వేలితో తట్టాడు.

"ఆ వాస్తవాన్ని ఒకసారి ఇటివ్వండి సార్."

ఫ్యాక్సు కాగితం ఇంకా చుట్టుకుపోతోంది. ఫర్హత్ రెండు చివర్లా నీళ్ళ గ్లాసులు పెట్టింది. అంకెల వరసలు. ప్రతి వరసలో మెరుపు నంబరు, పక్కన దాని విలువ, సున్నా గానీ ఒకటి గానీ. ఉయ్యూరు యంత్రం అందుకుని టిక్కుమన్న మెరుపుల్ని మాత్రమే దొంగ ఏరి రాశాడు. తెలివైనవాడే. ఏ మెరుపులకు టిక్కుమందో ఆ నంబర్లను ఉయ్యూరు బాహాటంగానే చెబుతుంది. రహస్యమల్లా విలువలోనే.

ఆమె చదువుతూ చదువుతూ ఆగింది. వెనక్కి వెళ్ళింది. సంచిలోంచి అరచేతిలో పట్టేంత రేకు పెట్టెను తీసింది. ఏ మెరుపు మామూలుదో, ఏది మసకదో, ఏది ఖాళీదో నిర్ణయించేది ఈ పెట్టె. దీన్ని ఆమె సొంతంగా చేసుకుంది. ఇది చెప్పే సంగతి కంప్యూటర్‌కు కూడా తెలియదు. ప్రతి పూట పని కాగానే పెట్టె విప్పి సంచిలో వేసుకుని పోవడం ఆమె అలవాటు.

పెట్టెకున్న చిన్న తెర మీద నంబర్లు వెలిగాయి. ఫర్హత్ ఫోను అందుకుని ఉయ్యూరు శాఖకు కలిపింది. అవతల దీవెన, ఆమె శిష్యురాలు. ఫోన్లో ముందు చెరుకు ట్రాక్టర్ల రొద వినిపించింది.

"దీవెనా, గట్టిగా మాట్లాడు. ఖాళీ మెరుపులకు నీ దగ్గర ఏమన్నా టిక్కులు పడ్డాయా ఇవాళ?"

"పడతాయి కదండీ మేడం! ఈ డిటెక్టరు కథ తెలిసిందేగా. వెలుగు రాకపోయినా ఊరికే ఉలిక్కిపడుతుంది, మా అమలమ్మత్తలాగ."

"నంబర్లు చదువు."

దీవెన చదివింది. ఒక్కో నంబరుకూ ఫర్హత్ ఫ్యాక్సు మీద పెన్సిలుతో సున్నా చుట్టుకుంటూ పోయింది. ఆఖరిది చుట్టేసి ఫ్యాక్సును వెంకటరత్నమ్మ వైపు తిప్పింది. 

"మేడం, ఈ సున్నాలు చుట్టినవి చూడండి. ఇవన్నీ ఖాళీ మెరుపులు. మనం పంపని వెలుగులు. చీకట్లో ఉయ్యూరు యంత్రం తనంతట తానే టిక్కుమంది. అంతే."

"అయితే?"

"వీటికి కూడా దొంగ విలువలు రాశాడు."

వెంకటరత్నమ్మ కళ్ళద్దాలు సవరించుకుంది. "ఏదో ఒకటి రాసుంటాడు, ఊహించి."

"ఊహిస్తే సగం తప్పులుండాలి. ఒక్కటీ తప్పు లేదు, ఉంటే మీ వాక్యం తాళం తెరుచుకునేదే కాదు. ఆ మెరుపులకు ఇక్కడి కంప్యూటర్ అనుకున్న విలువలేవో, అవే ఉన్నాయి. ఖాళీ మెరుపైనా కంప్యూటర్ దానికి ఒక విలువ అనుకుంటుంది, అది ఖాళీ అని దానికి తెలీదు కనక. కానీ ఆ విలువ వెలుగు మీద ఎక్కదు. ఎక్కడానికి వెలుగే లేదు." ఫర్హత్ గొంతు పెరిగింది. "లేని వెలుగును దారిలో ఎవడు చదవగలడు మేడం? నా లేజరుకు లోపముంది. ఉందని మొదటి రోజే చెప్పాను. దాన్ని పెట్టుకునే పని చేయిస్తున్నాను. ఈ దొంగతనం మాత్రం దాని నెత్తిన వేస్తే ఊరుకోను. వాడు వెలుగును దొంగిలించలేదు. రెండో అంతస్తులో ఉన్న కంప్యూటర్లోంచి దొంగిలించాడు!"

ఫిన్నీ నవ్వు ఎటో పోయింది. ముందుకు వంగి ఫ్యాక్సు చూశాడు. "కరెక్టే," అన్నాడు తనకు తెలియకుండానే.

ప్రొఫెసర్ గడ్డం నిమురుకున్నాడు. తర్వాత తల ఊపాడు. "బాగుంది. ఒప్పుకుంటున్నా. లోపం వెలుగుది కాదు, మనిషిది." ఆయన మెల్లగా తలుపు వైపు తిరిగాడు. "నిన్న ఆ గదిలో ఒంటరిగా ఎవరున్నారు?"

అందరి చూపులూ శౌరయ్య మీద పడ్డాయి.

"నేనేనండి," అన్నాడు శౌరయ్య. "కేబులు కొస నలిగిందని ఫర్హత్ మేడం గారు ఫోన్ చేస్తే ఉయ్యూరు నుంచి వచ్చా. మార్చేసి పోయా."

"ఎంతసేపు?"

"టీ చల్లారేంత సేపండి. ఇక్కడ ఊడ్చే శివపార్వతి ఇచ్చిన టీ తాగకుండానే పోయా, బస్సు దొరకదని."

"చాలు. ఏదైనా తగిలించడానికి ఆ మాత్రం చాలు."

"సారూ!" శౌరయ్య మొహం ఎర్రబడింది. "నేను తగిలించేది కేబులండి. మనుషుల నెత్తిన నిందలు తగిలించే పని నాకు రాదు."

"నోరు!" అంది వెంకటరత్నమ్మ. ఫ్యాక్సు రాగానే కంప్యూటర్ గదికి తాళం వేయించి తాళంచెవి తన కొంగున ముడేసుకుంది ఆవిడ. ఇప్పుడు ముడి విప్పుతూ లేచింది. "పదండి పైకి. దొరికితే అక్కణ్ణుంచే పోలీసులకు ఫోను."

మెట్ల దగ్గర ప్రొఫెసర్ వెనకబడి, ఫర్హత్ భుజం పక్కకు వచ్చాడు. గొంతు బాగా తగ్గించాడు.

"అమ్మాయ్, నీ వెలుగు బతికింది. లైను ఉంటుంది. ఆవిడ చేత నేను ఒప్పిస్తా. ఇక నువ్వు మాట్లాడకు. మిగతాది వాళ్ళూ వాళ్ళూ చూసుకుంటారు."

"శౌరయ్య సంగతి?"

"ఒక లైన్‌మన్ పోతే ఇంకో లైన్‌మన్. నీలాంటిది ఇంకోటి పుట్టదు."

ఇంకొకరైతే ఆ మాటకు పొంగిపోయేవారు. ఫర్హత్‌కు మాత్రం అనుమానం వచ్చింది. పొద్దుట నుంచీ లేజరుదే తప్పని పట్టుబట్టిన మనిషి, కంప్యూటర్ మాట రాగానే ఒక్క ప్రశ్న కూడా వెయ్యకుండా ఎందుకు ఒప్పేసుకున్నాడు? లెక్కలో కామా తప్పితే రాత్రంతా కూర్చోబెట్టి దిద్దించిన సార్ ఈయనేనా?

మెట్లెక్కుతూనే ఆమె లెక్క వేసుకుంది. గదిలో ఆ కంప్యూటర్ పెట్టింది దసరా ముందు. అది సార్ సొంత కంప్యూటరే. "నాకెందుకమ్మా, నువ్వు వాడుకో," అని తెచ్చి, చేతులారా ఆయనే తీగెలన్నీ తగిలించారు. దసరాకు శివపార్వతి ఆయుధపూజ చేసింది. ఆ తర్వాత మోకాళ్ళ నొప్పులని సార్ ఈ మెట్లెక్కలేదు. కింద సలహాదారు గదిలో లాప్‌టాప్ ముందేసుకుని కూర్చుంటారు. పూజ తర్వాత ఆ గదిలో అడుగుపెట్టినవాళ్ళు తను, ఊడ్చే శివపార్వతి, నిన్న శౌరయ్య.

దొంగ వస్తువు పూజకు ముందే వచ్చి ఉంటే అది సార్ పని. తర్వాత వచ్చి ఉంటే శౌరయ్య పని. ఇద్దరిలో ఒకరు. ఒకరు చదువు చెప్పినవాడు, ఒకరు ఎండలో గోతులు తవ్వి ఆమె కేబులు వేసినవాడు. మనసు ఎటు మొగ్గుతోందో ఆమెకు తెలుసు. అయితే మనసు చెప్పింది సాక్ష్యం కాదని నేర్పింది కూడా సారే.

గది తలుపు ముందు వెంకటరత్నమ్మ తాళం తీయబోతుంటే ఫర్హత్ ఆపింది.

"ఒక్క నిమిషం మేడం. ఒక సంగతి తేల్చుకుందాం. దసరా తర్వాత ఈ గదిలో కంప్యూటర్ మార్చాం కదా? పాతది తీసేసి కొత్తది పెట్టాం. నాకు అలాగే గుర్తు. మీకెవరికైనా గుర్తుందా?"

"నన్నెవరడిగారు?" అంది వెంకటరత్నమ్మ. "మార్చారో లేదో నాకేం తెలుసు. కొత్త బిల్లు మాత్రం నా దగ్గరికి రాలేదు."

"నేను విజయవాడ వచ్చిందే మొన్న," అన్నాడు ఫిన్నీ.

"నాకు తెలీదండి మేడం గారూ," అన్నాడు శౌరయ్య. "నిన్ననేగా ఈ గది చూడటం. పాతదో కొత్తదో నాకేం తెలుసు?"

ప్రొఫెసర్ గారు ఒక క్షణం ఫర్హత్ మొహంలోకి చూశాడు. ఆమె మొహంలో అలసట తప్ప ఇంకేం లేదు.

"అవును, మార్చారు," అన్నాడాయన. "నా పాతది తీసేశారు. నాకు బాగా గుర్తు. అంటే, ఏం జరిగినా దసరా తర్వాతే జరిగినట్టు."

"థాంక్స్ సార్," అంది ఫర్హత్.

తలుపు తెరుచుకుంది. వెలుగు రాకుండా కిటికీలకు నల్లగుడ్డ కట్టిన చిన్న గది. మూల బల్ల మీద లేజరు పెట్టె, పక్కన కంప్యూటర్. వెనకాల తీగెలు జడలు కట్టి ఉన్నాయి. ఫర్హత్ శివపార్వతిని కేకేసి టార్చి తెప్పించింది. తను ఏమీ ముట్టుకోకుండా దూరంగా నిలబడి, కంప్యూటర్ వెనక వెలుగు వెయ్యమంది.

"మేడం, మీరే చూడండి. తీగెల మధ్య, వేలి కొసంత నల్ల ముక్క."

వెంకటరత్నమ్మ వంగింది. ఉంది. కంప్యూటర్ వెనక గుచ్చి, తీగెల మాటున కనీకనపడకుండా ఉంది.

"అది మౌసుకు పెట్టిందనుకున్నానండి ఇన్నాళ్ళూ," అంది ఫర్హత్. "కాదు. నా మౌసుకు తీగ ఉంది."

ఫిన్నీ తొంగి చూసి పళ్ళు బిగించాడు. "వైర్‌లెస్సు. లోపల జరిగేదంతా బయటికి పంపుతుంది. ఈ బిల్డింగు దాటదు. కింది అంతస్తు దాకా అందుతుంది."

"చెప్పానా! నిన్న పెట్టాడు!" ప్రొఫెసర్ శౌరయ్య వైపు చెయ్యి చాపాడు. "పట్టుకోండి వాణ్ణి."

"ఎవరూ ఎవర్నీ పట్టుకోవక్కర్లేదు," అంది ఫర్హత్. గొంతు పెంచలేదు. "శివపార్వతీ, టార్చి దగ్గరగా పెట్టు. ఆ నల్ల ముక్క మీద ఏముంది?"

శివపార్వతి కళ్ళు చికిలించి చూసింది. చూసి మొహమంతా విప్పారింది.

"బొట్టండీ!"

"ఏం బొట్టు?"

"నేను పెట్టిందేనండి! పసుపులో కుంకం కలిపి పెట్టా కదా దసరాకి. మీరూ ఉన్నారుగా మేడం గారూ, కొబ్బరి ముక్క కూడా తిన్నారు. పెద్ద పెట్టెకి, టీవీకి, కింద బ్యాటరీ డబ్బాకి, అన్నిట్కీ పెట్టా. వెనకాల ఈ బుల్లిది కూడా కనపడింది. పాపం దీన్నొక్కదాన్నీ ఎందుకు వదిలెయ్యాలని దీనికీ పెట్టా."

"తర్వాత మళ్ళీ ఎప్పుడన్నా పెట్టావా?"

"ఏడాదికోసారేగా అండీ. రోజూ పెట్టడానికి ఇదేమన్నా మా ఆయనా?"

వెంకటరత్నమ్మ టార్చి లాక్కుని తనే చూసింది. కంప్యూటర్ నుదుటి మీద ఎండి పగుళ్ళిచ్చిన బొట్టు. లేజరు పెట్టె మీద అదే బొట్టు. నల్ల ముక్క మీద చిటికెన వేలి గోరంత అదే బొట్టు, అవే పగుళ్ళు.

ప్రొఫెసర్ గారు కదలకుండా నిలబడ్డాడు. ఆ రోజు శివపార్వతి పళ్ళెం పట్టుకుని లోపలికి రాగానే, "యంత్రానికి బొట్టేంటమ్మా, దానికేమన్నా పెళ్ళా?" అని నవ్వి, టీ తాగొస్తానని కిందికి పోయిన మనిషి ఆయన. పూజ అయ్యేదాకా పైకి రాలేదు. ఏయే వస్తువులకు బొట్టు పడిందో ఆయన చూడలేదు.

"పూజ ముందు నుంచీ ఇది ఇక్కడే ఉందన్నమాట," అంది వెంకటరత్నమ్మ మెల్లగా. "అయితే శౌరయ్య కాదు."

"కాదు మేడం. కంప్యూటర్ కూడా అదే. దసరాకు బొట్టు పెట్టించుకున్నదే. మేం దాన్ని మార్చలేదు, ఎప్పుడూ మార్చలేదు." ఫర్హత్ ఒక్కొక్క మాటా ఆగి ఆగి పలికింది. "ఇందాక తలుపు దగ్గర నేనొక ఖాళీ మెరుపు వదిలాను. అందులో ఏమీ లేదు. ఏమీ లేదు కనక మీరందరూ తెలీదన్నారు. శౌరయ్య కూడా తెలీదన్నాడు. ఒక్కరు మాత్రం లేనిదాన్ని చదివారు. బాగా గుర్తుందని కూడా అన్నారు. ఆ ఫ్యాక్సు రాసిన చెయ్యి చేసిన తప్పే, ఇక్కడ నోరూ చేసింది."

"పొరపాటు పడ్డాను," అన్నాడు ప్రొఫెసర్. మెత్తదనం గొంతులోంచి జారిపోయింది. "వయసు మీద పడింది. ఆ మాత్రానికి... నీకు అక్షరమ్ముక్క నేర్పింది ఎవరో మర్చిపోకు ఫర్హత్."

"మర్చిపోలేదు సార్. కంప్యూటర్ తెచ్చింది ఎవరో, తీగెలు తగిలించింది ఎవరో కూడా మర్చిపోలేదు."

ఫిన్నీ రెండడుగులు వెనక్కి వేసి చేతులెత్తాడు. "మేడం, ఒక మాట. సార్ మా కంపెనీకి కూడా సలహాదారు. మా యంత్రం మీ బ్యాంకులో పెట్టిస్తానన్నారు. నేను అమ్ముకోడానికొచ్చాను. ఇట్లాంటి పని మాకు తెలీదు, చెయ్యమని మేం అనలేదు."

"నువ్వు ఊరుకోవోయ్!" అని కసిరాడు ప్రొఫెసర్. తర్వాత ఫర్హత్ వైపు తిరిగాడు. కళ్ళలో ఏదో పాత మంట. "ఇరవై ఊళ్ళల్లో సభల్లో చెప్పా, ఇది అయ్యే పని కాదని. నా శిష్యురాలివి, నా మాట అబద్ధం చేస్తావా? ఒక పాడు లేజరుతో?"

"పాడుదే సార్. అయినా అబద్ధం చెప్పలేదు."

గదిలో లేజరు పెట్టె ఫ్యాను ఒకటే గుర్రుమంటోంది. వెంకటరత్నమ్మ అందరినీ ఒకసారి చూసింది. సంతకం కాగితం ఇంకా ఆవిడ చంకలోనే ఉంది. దాన్ని తీసి, నిలువునా చింపి, శివపార్వతి చేతిలో పెట్టింది. సెల్లు తీసి పటమట పోలీసు స్టేషనుకు కలిపింది. మధ్యాహ్నపు సంగతంతా నాలుగు మాటల్లో చెప్పింది. అవతలి గొంతు ఏదో అడిగింది.

"పేరు కావాలంటున్నారు," అంది ఆవిడ ఫోను మీద చెయ్యి మూసి. "ఫర్హత్ గారూ, దొంగను పట్టింది మీరు. నేను చెప్పను. సార్, ప్రొఫెసర్ గారూ అంటే పోలీసులు రాసుకోరు. ఇదిగో, పేరు పెట్టి చెప్పండి. అందరికీ వినపడేలా."

ఫోను ఆమె చేతికి వచ్చింది. శౌరయ్య తలుపు చెక్క పట్టుకుని చూస్తున్నాడు. సార్ ఆమె కళ్ళలోకి సూటిగా చూస్తున్నాడు. నీ నోట ఆ మాట రాదులే అన్న ధీమా ఆ చూపులో ఇంకా మిగిలే ఉంది.

ఫర్హత్ తల ఎత్తింది.

"రాసుకోండి," అంది. "పానకాలరావు."